పతకం మెడలో, పైసలు ఎవరి జేబులో?



పోస్టు పెద్దగా ఉంటది, ముందే చెప్తున్నాం. కానీ చివరిదాకా చదవండి. ఎందుకు రాయాల్సి వచ్చిందో మొదలు చెప్పి, తర్వాత చరిత్రలోకి పోదాం.

పోయిన నెల ఒక ఆదివారం రాత్రి మా హాస్టల్ రూములో ఐదుగురం ఒక్క ఫోన్ చుట్టూ చేరి 1936 బెర్లిన్ ఒలింపిక్స్ వీడియో చూస్తున్నాం. హిట్లర్ కూర్చున్న స్టేడియంలో జెస్సీ ఓవెన్స్ అనే నల్లజాతి అమెరికన్ పరుగెత్తుతున్నాడు. 100 మీటర్లు, లాంగ్ జంప్, 200 మీటర్లు, 4×100 రిలే. నాలుగు బంగారు పతకాలు. మేమందరం చప్పట్లు కొట్టాం. మాతోపాటు ఇంటర్ చదివే తమ్ముడొకడు ఉన్నాడు, 800 మీటర్లు పరుగెత్తుతాడు. వాడు చప్పట్లు కొట్టలేదు. "అన్నా, నాలుగు పతకాలు గదా, ఎన్ని పైసలొచ్చినయ్ ఆయనకి?" అని అడిగాడు.

మాకెవరికీ తెలీదు. ఒకడు "కోట్లే వచ్చుంటయ్ లేరా" అన్నాడు.

వాడు ఊరికే అడగలేదని తర్వాత తెలిసింది. ఒక ప్రైవేటు అకాడమీ వాళ్లు వాడికి ఒక కాగితం ఇచ్చారు. ఆరు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. తిండి, వసతి, బూట్లు, కోచింగ్ మావే, నెలాఖరులోపు సంతకం పెట్టి తీసుకురా అన్నారు. ఇంట్లో సంతోషం. ఊళ్లో అందరికీ చెప్పుకున్నారు. ఆ కాగితంలో ఏముందో మాత్రం వాడికీ తెలీదు, వాళ్ల నాయనకీ తెలీదు. అకాడమీ పేరు ఇక్కడ రాయం.

వాడి ప్రశ్నకి జవాబు వెతుకుతూ మేం కాలేజీ లైబ్రరీలో, ఫోన్లలో దొరికిందల్లా చదివాం. ఒక్క ఓవెన్స్ దగ్గర ఆగలేకపోయాం. గుర్రప్పందేల దగ్గర మొదలుపెట్టి సైకిల్, బాక్సింగ్, బేస్‌బాల్, టెన్నిస్ దాకా పోయాం. ఆట మారింది, మనిషి మారాడు, కథ మాత్రం ఒకే తీరు. ఆ కథే ఇక్కడ రాస్తున్నాం.

ఒక మాట. వాళ్ల కథ, మన కథ ఒకటే అని మేం అనడం లేదు. వాళ్ల పూర్వీకులను ఓడల్లో బంధించి సముద్రం దాటించి అమ్మారు. మన కష్టం వేరు, మన భూమి కథ వేరు. కానీ కష్టపడే మనిషికీ, వాడి కష్టానికి వచ్చే పైసలకీ మధ్యలో ఎవరెవరు ఎట్లా నిలబడతారో వాళ్ల చరిత్రలో చాలా స్పష్టంగా కనబడుతుంది. అది తెలుసుకుంటే మనకే మంచిది.

మొదటి తలుపు: పైసలు రాగానే బయటికి నెట్టడం

అమెరికాలో గుర్రప్పందేలంటే కెంటకీ డెర్బీ. అది మొదలైంది 1875లో. ఆ మొదటి పందెంలో 15 మంది జాకీలుంటే అందులో 13 మంది నల్లజాతివాళ్లే. గెలిచిన ఆలివర్ లూయిస్ కూడా నల్లజాతివాడే. ఎందుకట్లా? బానిసత్వం రోజుల్లో దొరల గుర్రాలను మేపింది, కడిగింది, మచ్చిక చేసింది అంతా వాళ్లే. పని వాళ్లది కాబట్టి విద్య కూడా వాళ్లదే అయింది. మొదటి 28 డెర్బీల్లో 15 నల్లజాతి జాకీలే గెలిచారు.

వాళ్లలో అందరికంటే పెద్ద పేరు ఐజాక్ మర్ఫీది. బానిసత్వం ఇంకా రద్దు కాని రోజుల్లో పుట్టాడు. 1884, 1890, 1891లో మూడుసార్లు డెర్బీ గెలిచాడు. మంచి రోజుల్లో ఏడాదికి 10,000 డాలర్లకు పైగా సంపాదించాడు. అప్పటి లెక్కలో అది చాలా పెద్ద సొమ్ము.

ఇక్కడ మేం ఆగి ఆలోచించాం. అంటే మొదట్లో తలుపు తెరిచే ఉంది. మరి ఎప్పుడు మూసుకుంది? గుర్రం తోలడం కూలిపనిగా ఉన్నంతకాలం ఎవరూ అడ్డం రాలేదు. అందులో పేరు, పైసలు ఉన్నాయని తెలిసినప్పుడు అడ్డం వచ్చారు. మర్ఫీ 1896లో చనిపోయాడు. అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు, రైలు పెట్టెల్లో నల్లవాళ్లను, తెల్లవాళ్లను వేరువేరుగా కూర్చోబెట్టడం తప్పు కాదని తీర్పిచ్చింది. 1900 చుట్టుపక్కల తెల్ల జాకీలు జట్టు కట్టి, పందెం మధ్యలోనే నల్లజాతి జాకీలను కంచెకేసి నొక్కడం, కొరడాలతో కొట్టడం మొదలుపెట్టారు. గుర్రాల యజమానులకి భయం పట్టుకుంది. నల్లజాతి జాకీని పెట్టుకుంటే గుర్రం గెలవదు, పైగా గాయపడుతుంది అనుకున్నారు. అంతే, పని ఇవ్వడం ఆపేశారు. ఏ చట్టమూ అవసరం పడలేదు.

జిమ్మీ వింక్‌ఫీల్డ్ 1901, 1902లో వరుసగా రెండు డెర్బీలు గెలిచాడు. ఆయన తర్వాత ఈ రోజు వరకు ఇంకో నల్లజాతి జాకీ కెంటకీ డెర్బీ గెలవలేదు. ఆయనకే సొంత దేశంలో గుర్రాలు దొరక్క రష్యా పోయాడు. అక్కడ చక్రవర్తి రోజుల్లో పెద్ద పెద్ద పందేలు గెలిచాడు. విప్లవం వచ్చాక 1919లో ఒడెస్సా నుంచి పోలండ్ వైపు వందల గుర్రాలను తోలుకుపోయిన వాళ్లలో ఆయనొకడు. తర్వాత ఫ్రాన్స్‌లో స్థిరపడ్డాడు. 1961లో ముసలితనంలో డెర్బీ విందుకి పిలిస్తే లూయివిల్ పోయాడు. హోటల్ ముందు తలుపు దగ్గర, నల్లవాళ్లు ఇటు రావద్దని ఆపారు. అతిథినని చెప్పుకుంటే గానీ లోపలికి పోనియ్యలేదు. రెండుసార్లు గెలిచినోడికి అరవై ఏళ్ల తర్వాత జరిగిన మర్యాద అది.

రెండో తలుపు: మైదానంలోకి రానిచ్చి బతకనియ్యకపోవడం

మేజర్ టేలర్ 1878లో ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. ఆ రోజుల్లో సైకిల్ పందేలంటే అమెరికాలో పిచ్చి. 1894లో అక్కడి పెద్ద సైక్లింగ్ సంఘం నల్లవాళ్లకి సభ్యత్వం లేదని తీర్మానం చేసింది. ఐనా టేలర్ ప్రొఫెషనల్‌గా పరుగులోకి దిగాడు. 1899లో మాంట్రియల్‌లో స్ప్రింట్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

పందేలు వేగంతోనే గెలవాలి గదా అనుకుంటాం. కానీ అక్కడ ఛాంపియన్‌షిప్‌కి ఏడాది పొడుగునా వేరు వేరు ఊళ్లలో పాయింట్లు కూడబెట్టుకోవాలి. 1897లో టేలర్ ముందు వరుసలో ఉన్నప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో పందేలు పెట్టేవాళ్లు ఆయన ఎంట్రీ తీసుకోమన్నారు. పాయింట్లు అక్కడే పోయాయి. అదే ఏడాది మసాచుసెట్స్‌లోని టాంటన్‌లో ఒక పందెం అయ్యాక విలియం బెకర్ అనే తెల్ల రైడర్ ఆయన్ని సైకిల్ మీంచి లాగి, స్పృహ తప్పేదాకా గొంతు పిసికాడు. బెకర్‌కి పడిన శిక్ష 50 డాలర్ల జరిమానా.

టేలర్‌కి పైసలు దొరికింది బయటి దేశాల్లో. 1901లో యూరప్, తర్వాత ఆస్ట్రేలియా. బాగానే సంపాదించాడు, వూస్టర్‌లో మంచి ఇల్లు కొన్నాడు. పక్కింటివాళ్లు ఆ ఇల్లు కొనడం మీదే గొడవ పెట్టారు. 1910లో రిటైరయ్యాక వ్యాపారాలు కలిసిరాలేదు, ఆరోగ్యం దెబ్బతింది. 1928లో తన జీవితకథను సొంత ఖర్చుతో అచ్చేసి ఇంటింటికీ తిరిగి అమ్మాడు. 1932లో షికాగోలో ఉచిత ఆస్పత్రి వార్డులో చనిపోయాడు. దిక్కులేనివాళ్లను పూడ్చే చోట పూడ్చారు. 1948లో పాత సైకిల్ రైడర్లు కొందరు పూనుకొని, ఒక సైకిల్ కంపెనీ యజమాని సాయంతో, ఆయనకి సరైన సమాధి కట్టారు.

ఇది చదివినప్పుడు మా రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మూడో తలుపు: గెలిచినోడికి తక్కువ, ఓడినోడికి ఎక్కువ

టేలర్ పుట్టిన ఏడాదే టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో జాక్ జాన్సన్ పుట్టాడు. హెవీవెయిట్ బాక్సర్. అప్పట్లో హెవీవెయిట్ టైటిల్ అంటే ఆటలన్నిట్లో అన్నిటికంటే ఎక్కువ పైసలు. తెల్ల ఛాంపియన్లు నల్లవాళ్లతో టైటిల్ ఫైట్ ఆడేవాళ్లు కాదు. దాన్ని రంగు గీత అనేవాళ్లు. జాన్ ఎల్. సల్లివన్ ఆ గీత గీశాడు, జిమ్ జెఫ్రీస్ అదే పాటించి 1905లో ఓటమి లేకుండా రిటైరయ్యాడు. టైటిల్ ఫైట్ లేకపోతే పెద్ద సొమ్ము లేదు. నల్లజాతి బాక్సర్లు తమలో తామే మళ్లీ మళ్లీ కొట్టుకొని చిన్న పైసలతో బతకాలి.

జాన్సన్ ఛాంపియన్ టామీ బర్న్స్ వెంట ఇంగ్లండ్, ఆస్ట్రేలియా దాకా పోయాడు. చివరికి 1908 డిసెంబర్ 26న సిడ్నీలో ఫైట్ కుదిరింది. బర్న్స్ ఒప్పుకున్నది పైసలు చూసే. ఆయనకి 30,000 డాలర్లు, జాన్సన్‌కి 5,000. 14వ రౌండులో పోలీసులు ఆపాల్సినంతగా జాన్సన్ కొట్టాడు. గెలిచినోడికి ఓడినోడి సొమ్ములో ఆరో వంతు. జాన్సన్ దానికి ఎందుకు ఒప్పుకున్నాడు? ఒప్పుకోకపోతే ఆ ఫైటే లేదు. బేరంలో ఒకడికి వేరే దారి ఉండి ఇంకొకడికి లేకపోతే, కాగితం మీద సంతకాలు రెండున్నా అది సమాన బేరం కాదు.

తర్వాత రిటైరైన జెఫ్రీస్‌ని తెల్లజాతి పరువు కోసమని మళ్లీ రింగులోకి దింపారు. 1910 జూలై 4న రెనోలో జాన్సన్ 15వ రౌండులో ఆయన్ని పడగొట్టాడు. 1,01,000 డాలర్ల సొమ్ములో గెలిచినోడికి 60 శాతం. ఈసారి జాన్సన్‌కి నిజంగానే పెద్ద మొత్తం వచ్చింది. అప్పుడు ఏమైంది? దేశమంతా నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. ఆ ఫైట్ సినిమా చూపించొద్దని చాలాచోట్ల నిషేధం పెట్టారు. 1912లో ఏకంగా కేంద్ర చట్టం తెచ్చి బాక్సింగ్ సినిమాలను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోకుండా ఆపారు. సినిమా హక్కులంటే ఇప్పటి టీవీ హక్కుల లాంటివి, అసలు సంపాదన అక్కడే. 1913లో తెల్లజాతి స్త్రీలతో ఆయన సంబంధాలను అడ్డం పెట్టుకొని కేసు వేసి శిక్ష వేశారు. దేశం విడిచి పారిపోయాడు, 1915లో హవానాలో టైటిల్ పోగొట్టుకున్నాడు, 1920లో తిరిగొచ్చి జైలుకి పోయాడు. ఆ శిక్షకి క్షమాభిక్ష 2018లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి 70 ఏళ్లు దాటింది.

ఒక నిజం దాచకూడదు. జాన్సన్ ఛాంపియన్‌గా ఉన్నప్పుడు తోటి నల్లజాతి బాక్సర్లకి దాదాపు అవకాశమే ఇవ్వలేదు. తెల్లవాడితో ఫైట్ అయితేనే టికెట్లు అమ్ముడుపోతాయి గనుక. శామ్ లాంగ్‌ఫర్డ్ అనే గొప్ప బాక్సర్‌కి జీవితంలో ఒక్క ప్రపంచ హెవీవెయిట్ టైటిల్ ఫైట్ దొరకలేదు. 1944లో ఒక విలేకరి వెతికితే ఆయన హార్లెంలో ఒక గదిలో, చూపు పోయి, చేతిలో పైసా లేకుండా కనిపించాడు. మార్కెట్ మొత్తం ఒక గీత చుట్టూ కట్టి ఉంటే, గీత దాటి లోపలికి పోయినోడు కూడా ఆ గీతనే కాపాడే పరిస్థితి వస్తుంది. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

నాలుగో తలుపు: "మీరు పైసల కోసం ఆడకూడదు"

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. ఓవెన్స్ 1913లో అలబామాలో పుట్టాడు. వేరేవాళ్ల భూమిని పాలుకు చేసే కుటుంబం. తర్వాత క్లీవ్‌లాండ్ వలస పోయారు. ఓహియో స్టేట్ యూనివర్సిటీలో చేరినప్పుడు స్కాలర్‌షిప్ లేదు. క్యాంపస్ హాస్టల్‌లో నల్లవాళ్లకి చోటు లేదు, బయట గది తీసుకున్నాడు. లిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేస్తూ చదువుకున్నాడు. 1935 మే 25న ఆన్ ఆర్బర్‌లో 45 నిమిషాల్లో మూడు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టి నాలుగోదాన్ని సమం చేశాడు.

బెర్లిన్‌లో నాలుగు పతకాలకి ఎంత వచ్చింది? సున్నా. ఒలింపిక్స్ అమెచ్యూర్ ఆటలు, పైసలు ముట్టుకోవద్దు. ఆటలు ఐపోగానే అమెరికా అథ్లెటిక్ సంఘం వాళ్లు అథ్లెట్లను యూరప్‌లో ఊరూరా ప్రదర్శన పరుగులకి తిప్పారు. టికెట్ పైసలు నిర్వాహకులకి, సంఘానికి. పరుగెత్తినోడికి ఏం లేదు. అలసిపోయిన ఓవెన్స్ స్వీడన్ రానని ఇంటికి బయల్దేరాడు. సంఘం ఆయన్ని సస్పెండ్ చేసింది. 23 ఏళ్లకి అమెచ్యూర్ కెరీర్ ఐపోయింది.

ఇంటికొస్తే న్యూయార్క్‌లో ఊరేగింపు చేశారు. ఆ తర్వాత వాల్‌డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌లో సన్మానానికి సామాన్ల లిఫ్ట్‌లో పైకి పోవాల్సి వచ్చింది. ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఆయన్ని వైట్‌హౌస్‌కి పిలవలేదు. పెద్ద పెద్ద ఆఫర్లొచ్చాయని పేపర్లు రాశాయి, చాలావరకు మాటలుగానే మిగిలాయి. అదే ఏడాది డిసెంబర్‌లో హవానాలో ఒక పందెపు గుర్రంతో పోటీగా పరుగెత్తాడు. 40 గజాలు ముందు నిలబెట్టారు, గెలిచాడు, 2,000 డాలర్లు ఇచ్చారు. ప్రపంచంలో అందరికంటే వేగంగా పరుగెత్తే మనిషి కుటుంబం కోసం గుర్రంతో పరుగెత్తాడు. బట్టలు ఉతికే డ్రైక్లీనింగ్ వ్యాపారం పెట్టి దివాలా తీశాడు.

"అప్పట్లో అమెచ్యూర్ రూలు అందరికీ ఉంది గదా, తెల్లవాళ్లకి కూడా" అని మా రూములోనే ఒకడు అడ్డం తగిలాడు. న్యాయమైన ప్రశ్న. జవాబు జానీ వైస్‌ముల్లర్ దగ్గర దొరికింది. తెల్లజాతి ఈతగాడు, 1924, 1928 ఒలింపిక్స్‌లో ఈతలో ఐదు బంగారు పతకాలు. ఆయనకి కూడా ఒలింపిక్స్‌లో పైసలు రాలేదు. కానీ తర్వాత ఈత దుస్తుల కంపెనీ ప్రచారానికి పెట్టుకుంది, 1932 నుంచి టార్జాన్ సినిమాల్లో హీరో అయ్యాడు. రూలు ఇద్దరికీ ఒకటే. రూలు అవతల ఉన్న దారి మాత్రం ఒకడికే తెరిచి ఉంది. 1936లో చాలా కంపెనీలు నల్లజాతి ఆటగాణ్ని తమ సరుకు ముఖంగా పెట్టుకోవడానికి సిద్ధంగా లేవు.

ఇక్కడే ఇంకో మనిషి కథ చెప్పాలి. ఆయన నల్లజాతి కాదు, అమెరికా మూలవాసి, శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. జిమ్ థోర్ప్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండూ గెలిచాడు. అంతకుముందు 1909, 1910 ఎండాకాలాల్లో నార్త్ కరొలైనాలో చిన్న బేస్‌బాల్ జట్లలో కొద్దిపాటి పైసలకి ఆడాడు. ఆ సంగతి బయటపడగానే 1913లో రెండు పతకాలూ లాక్కున్నారు. అట్లా ఎండాకాలం ఆడుకునే కాలేజీ కుర్రాళ్లు అప్పట్లో చాలామంది, దొంగపేరు పెట్టుకొని ఆడేవాళ్లు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు.

అదే స్టాక్‌హోమ్‌లో థోర్ప్‌తో పోటీపడి ఓడిపోయిన వాళ్లలో ఎవరీ బ్రండేజ్ ఒకడు. 1936లో అమెరికా ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు ఆయనే. 1952 నుంచి 1972 దాకా ప్రపంచ ఒలింపిక్ కమిటీకి అధ్యక్షుడు కూడా ఆయనే, అన్నేళ్లూ థోర్ప్ పతకాలు తిరిగి రాలేదు. కన్‌స్ట్రక్షన్ వ్యాపారంలో కోటీశ్వరుడైన మనిషి, పైసల కోసం ఆడటం పాపమని ఓవెన్స్‌లకి, థోర్ప్‌లకి బోధించాడు. కడుపు నిండినోడికి ఆ రూలు అడ్డం కాదు. థోర్ప్ 1953లో చనిపోయాడు. 1982లో పతకాలు తిరిగివ్వాలని నిర్ణయించినా ఇంకొకరితో కలిపి విజేతగా రాశారు. ఒక్కడే విజేత అని ఒప్పుకున్నది 2022లో.

ఐదో తలుపు: నీ కష్టం మీద వేరేవాళ్ల కాగితాలు

జాన్సన్ ఓడిపోయాక 22 ఏళ్లు ఏ నల్లజాతి బాక్సర్‌కీ హెవీవెయిట్ టైటిల్ ఫైట్ ఇవ్వలేదు. 1937లో జో లూయిస్‌కి వచ్చింది. అదీ ఊరికే రాలేదు. ఛాంపియన్ బ్రాడక్ తరఫువాళ్లు ప్రమోటర్ మైక్ జాకబ్స్‌తో ఒక ఒప్పందం చేసుకున్నారు. లూయిస్ గెలిస్తే, పదేళ్లపాటు హెవీవెయిట్ టైటిల్ ఫైట్లలో జాకబ్స్‌కి వచ్చే లాభంలో 10 శాతం వాళ్లకి. అంటే ఓడిపోయిన ఛాంపియన్‌కి పదేళ్లు పింఛను, గెలిచినోడి చెమట మీద. జాన్సన్ లాగా తెల్లవాళ్లకి కోపం తెప్పించకుండా ఉండాలని లూయిస్‌కి మేనేజర్లు రూల్స్ పెట్టారు. గెలిచినప్పుడు నవ్వొద్దు, ఓడినోడిని చూసి సంబరపడొద్దు, తెల్లజాతి స్త్రీతో ఫొటో దిగొద్దు.

లూయిస్ దాదాపు 12 ఏళ్లు ఛాంపియన్, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1942లో రెండు ఫైట్ల సొమ్ము నేవీ, ఆర్మీ సహాయ నిధులకి ఇచ్చేశాడు. నల్లవాళ్లను వేరే దళాల్లో పెట్టిన ఆర్మీ అది. ఆ తర్వాత పన్నుల శాఖ లెక్కలు తీసింది. చేతికి రాని ఆ సొమ్ముని కూడా ఆయన ఆదాయంలో కలిపి పన్ను వేసింది. వడ్డీలతో బాకీ పెరిగి 10 లక్షల డాలర్లు దాటింది. ఆ బాకీ కోసమే రిటైరైనోడు మళ్లీ రింగులోకి వచ్చి, 37 ఏళ్ల వయసులో రాకీ మార్సియానో చేతిలో దెబ్బలు తిన్నాడు. తర్వాత రెజ్లింగ్ ఆడాడు. చివరికి లాస్ వేగస్‌లో ఒక క్యాసినో దగ్గర వచ్చినోళ్లకి చేయి కలిపే ఉద్యోగం చేశాడు. 1981లో చనిపోతే సైనిక గౌరవాలతో పూడ్చారు. గౌరవానికి లోటు చేయలేదు, లెక్కల్లోనే లోటు.

బేస్‌బాల్‌లో ఇంకో రకం. నల్లవాళ్లను పెద్ద లీగుల్లోకి రానియ్యకపోతే వాళ్లు సొంత లీగు కట్టుకున్నారు. 1920లో రూబ్ ఫాస్టర్ నీగ్రో నేషనల్ లీగ్ పెట్టాడు. కష్టాలున్నా అది వాళ్ల సొంత వ్యాపారం. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టులోకి వచ్చి రంగు గీత చెరిపేశాడు. గొప్ప సంగతే. కానీ ఆయన్ని తీసుకున్నందుకు బ్రూక్లిన్ జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ, రాబిన్సన్ పాత జట్టు కాన్సస్ సిటీ మోనార్క్స్‌కి ఒక్క డాలర్ ఇవ్వలేదు. రాబిన్సన్ మొదటి ఏడాది జీతం 5,000 డాలర్లు, అంటే లీగులో కనీస జీతం. ఆయన్ని చూడటానికి జనం స్టేడియాల్లో పోటెత్తారు. మంచి ఆటగాళ్లంతా పోయాక నల్లజాతి జట్లు ఒక్కొక్కటి మూతపడ్డాయి. తలుపు తెరిచారు, ఇల్లు ఖాళీ చేయించారు. జాష్ గిబ్సన్ అనే పెద్ద హిట్టర్, ఆ తలుపు తెరుచుకోవడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే చనిపోయాడు.

ఆడపిల్లల సంగతి

మన చెల్లెళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు, అందుకే అల్థియా గిబ్సన్ గురించి చెప్పకుండా ముగించలేం. సౌత్ కరొలైనాలో పాలుకు చేసే కుటుంబంలో 1927లో పుట్టి, హార్లెం వీధుల్లో పెరిగింది. 1957, 1958లో వింబుల్డన్ గెలిచింది. మొదటిసారి ట్రోఫీ ఇచ్చింది స్వయంగా ఎలిజబెత్ రాణి. న్యూయార్క్‌లో ఊరేగింపు. ప్రైజ్ మనీ లేదు. వింబుల్డన్‌లో పైసలిచ్చేది 1968 నుంచి. అప్పటికి ఆమె వయసు 40.

టెన్నిస్‌తో బతకలేక ఆమె బాస్కెట్‌బాల్ ప్రదర్శనల ముందు ఎగ్జిబిషన్ ఆటలాడింది. 1964లో మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్‌లో ఆడిన మొదటి నల్లజాతి మహిళ అయింది. కొన్ని క్లబ్బులు ఆడనిచ్చి, లోపల గదిలో బట్టలు మార్చుకోనియ్యలేదు. కారులోనే మార్చుకునేది. ముసలితనంలో అద్దెకి, మందులకి ఇబ్బందిపడితే, పాత డబుల్స్ పార్ట్‌నర్ ఏంజెలా బక్స్‌టన్ నలుగురికీ తెలియజేసి డబ్బు పోగుచేసింది. బక్స్‌టన్ యూదు మహిళ, ఆమెకీ క్లబ్బుల్లో చోటు దొరికేది కాదు. ఇద్దరూ కలిసి 1956లో వింబుల్డన్ డబుల్స్ గెలిచారు.

వాళ్ల తప్పు లేదా?

ఉంది. జాన్సన్ కార్ల మీద, షోకుల మీద పెట్టాడు. లూయిస్ అడిగినోడికల్లా ఇచ్చాడు, గోల్ఫ్ పందేల్లో పోగొట్టుకున్నాడు. "చేజేతులా పోగొట్టుకున్నారు" అని చాలామంది రాశారు. కానీ పైసలు పోగొట్టుకున్న తెల్ల ఛాంపియన్లు కూడా ఉన్నారు. జాక్ డెంప్సీ షేర్ మార్కెట్ పడిపోయినప్పుడు చాలా పోగొట్టుకున్నాడు. తర్వాత న్యూయార్క్‌లో ఆయన పేరుతో పెట్టిన రెస్టారెంట్ ఎన్నో ఏళ్లు నడిచింది. తప్పు ఇద్దరూ చేస్తారు. తప్పు చేశాక మళ్లీ నిలబడే చోటు ఒకడికి ఉంది, ఇంకొకడికి లేదు. తేడా అంతే. మనకు బాగా తెలిసిన తేడానే అది. మన పిల్లవాడు ఒక్క ఏడాది ఫెయిలైతే చదువే ఐపోతుంది, ఉన్నోళ్ల పిల్లవాడు లాంగ్‌టర్మ్ కోచింగ్‌కి పోతాడు.

మళ్లీ తమ్ముడి కాగితం

ఇదంతా చదివాక మేం ఆ ఆరు పేజీలు ముందర పెట్టుకున్నాం. మాకూ మొత్తం అర్థం కాలేదు. లా చదువుతున్న మన అక్క ఒకామెని పిలిస్తే, శనివారం వచ్చి నాలుగు గంటలు కూర్చొని ఒక్కో లైనూ తెలుగులో చెప్పింది. ఏడేళ్ల బాండు. ప్రైజ్ మనీ, స్పాన్సర్ డబ్బు, ఫొటో వాడుకున్న డబ్బు, అన్నిట్లో సగం అకాడమీకి. గాయమైతే వైద్యం ఎవరిదో ఎక్కడా రాయలేదు. మధ్యలో మానేస్తే అప్పటిదాకా అయిన ఖర్చు మొత్తం కుటుంబం కట్టాలి. ఖర్చు లెక్క రాసేది వాళ్లే.

తమ్ముడికి పరుగు కావాలి, బూట్లు కావాలి, కోచ్ కావాలి. వద్దని చెప్పే హక్కు మాకు లేదు. జాన్సన్ కూడా 5,000కి ఒప్పుకున్నాడు గనకే ఛాంపియన్ అయ్యాడు. కానీ జాన్సన్‌కి బర్న్స్‌కి ఎంత వస్తుందో తెలుసు. తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలీక సంతకం పెట్టడం వేరు.

వాడు, వాళ్ల నాయన, అక్క కలిసి పోయి మూడు మార్పులు అడిగారు. బాండు మూడేళ్లు చేయాలి, గాయానికి వైద్యం అకాడమీదే అని రాయాలి, ఖర్చు లెక్క ప్రతి నెలా చేతికివ్వాలి. వాళ్లు నవ్వారంట. "ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నారంట. పై వాళ్లతో మాట్లాడి చెప్తాం అన్నారు. ఇంకా ఫోన్ రాలేదు. వాడు రోజూ పొద్దున ఐదింటికి లేచి మా హాస్టల్ వెనకాల రోడ్డు మీద పరుగెత్తుతూనే ఉన్నాడు.

గ్రూపులో మీ అందరికీ ఒకటే అడుగుతున్నాం. మీ ఊళ్లో, మీ హాస్టల్‌లో ఎవరికైనా ఇట్లాంటి కాగితం వచ్చి ఉంటే, ఆటలదే కానియ్యండి, ఉద్యోగానిదే కానియ్యండి, సంతకానికి ముందు ఇక్కడ ఒక మాట చెప్పండి. చదివిపెట్టే అక్కలు, అన్నలు మనలోనే ఉన్నారు. సంతకం పెట్టేసినవాళ్లు ఉంటే వాళ్లు కూడా చెప్పండి, సిగ్గుపడాల్సిందేం లేదు. జో లూయిస్ అంతటోడికే జరిగింది.

తమ్ముడికి ఫోన్ వచ్చాక ఏమన్నారో ఇక్కడే రాస్తాం.

జోహార్.